సువార్త కళ్ళు తెరిచిన ఫొటో

మా జనక్‌పురి ఇంట్లో గోడలకున్న ఫొటోల్లో పెళ్ళి ఫొటో తప్ప అన్నీ నేను తీసినవే. వాటిలో ఒక్కదాంట్లో కూడా మా ఆవిడ సువార్త కళ్ళు తెరిచి లేదు. మా అమ్మాయి ఎల్సా బాప్తిస్మం నాడు మూసుకుంది. తాజ్‌మహలు ముందు మూసుకుంది. కుతుబ్‌మీనారు దగ్గర నిలబెడితే మీనారు నిటారుగా వచ్చింది, ఈవిడ మాత్రం నిలబడి నిద్రపోతున్నట్టు వచ్చింది.

ఇలా రాస్తే నా పనితనానికి వంక పెట్టేవాళ్ళుంటారు. అందుకని ముందు నా సంగతి నాలుగు ముక్కలు చెప్పాలి. నేను పాలకొల్లు దగ్గర పల్లెలో, మిషను బడిలో ఎనిమిదో తరగతి దాకా చదివాను. ఆ పైన చదవాలంటే పట్నం పోవాలి. ఎలాగూ ఊరు దాటాలి కదా అని ఏకంగా ఢిల్లీ రైలెక్కాను. కరోల్‌బాగ్‌లో, లాహోరు నుంచి తరలివచ్చిన ఒక పెద్దాయన స్టూడియో ఉండేది. అందరూ ఆయన్ని మాస్టర్జీ అనేవారు. ఆయన దగ్గర చేరిన ఏడాది తిరక్కుండానే డార్క్‌రూము తాళం నా మొలతాడుకి కట్టించుకున్నాను. గణతంత్ర పరేడులో తొండమెత్తిన ఏనుగును నేను తీస్తే పేపర్లో వేశారు. కింద నా పేరు వెయ్యలేదు, అయినా ఏనుగు నాదే. అశోకా రోడ్డులో మనవాళ్ళ సభ జరిగితే మూడొందల మందిని మెట్ల మీద నిలబెట్టి, ఒక్క తల కదలకుండా, ఒక్క దెబ్బలో తీశాను. దానికి సంఘంవారు షీల్డు ఇచ్చారు. ఆ మూడొందల మందిలో కళ్ళు మూసుకున్నది ఒకే ఒక్కరు. ఎవరో చెప్పక్కర్లేదు కదా.

సువార్తది మా ఊరికి రెండు కాలవల అవతలి ఊరు. వాళ్ళ నాన్నగారు అక్కడి చర్చిలో ఉపదేశి. మిషను ఆసుపత్రిలో నర్సు పని నేర్చుకుని, ఢిల్లీలో సర్కారు ఆసుపత్రిలో ఉద్యోగం వస్తే, హిందీ ముక్క రాకుండా ఒక్కత్తే వచ్చేసింది. ఆదివారం తెలుగు ఆరాధనలో నేనామెను చూశాను. పెళ్ళయింది. మాస్టర్జీ స్వయంగా కెమెరా పట్టుకొచ్చి ఫొటో తీశారు. పెళ్ళికూతురు కదా, సిగ్గుపడి కళ్ళు దించుకుంది అనుకున్నాం. ఆ సిగ్గు అలా ఉండిపోతుందని ఎవరికి తెలుసు?

మామూలప్పుడు ఆ కళ్ళకు భయపడే వార్డు నడిచేది. ఏ మంచం దగ్గర సెలైను సీసా అయిపోవస్తోందో గుమ్మంలోంచే చెప్పేది. దుప్పటి కింద దాచిన బీడీ కట్ట ఆవిడకు దుప్పటి పైనుంచే కనిపించేది. కొత్తగా వచ్చిన డాక్టర్లు ఈవిడ అటు వస్తోందంటే గబగబా చేతులు కడుక్కునేవాళ్ళు. "సిస్టర్‌జీ కీ ఆంఖోం సే కుఛ్ నహీ బచ్‌తా" అని ఆయాలు చెప్పుకునేవారు. మామూలు నర్సుగా చేరి, మెట్టు మెట్టు ఎక్కి, ఆ ఆసుపత్రికే మేట్రన్ అయింది. నా ఏనుగు సంగతి నేను ఊరంతా చెప్పుకున్నాను గానీ, ఈవిడ మేట్రనయిన రోజున ఇంటికొచ్చి "ఇవాళ కూర ఏం చెయ్యను?" అంది. నాకు పక్కింటి సర్దార్జీ మిఠాయి పట్టుకొస్తే తెలిసింది.

అలాంటి కళ్ళు ఫొటోలో ఉండవు. ఉద్యోగం కార్డుకి ఫొటో తప్పదంటే, మూసుకున్న కళ్ళ మీద సన్న కుంచెతో నేనే కళ్ళు దిద్దాను. దిద్దడం బాగానే దిద్దాను, ఆ పనిలో కరోల్‌బాగ్‌లో నన్ను మించినవాడు లేడు. కాకపోతే అవి వేరే ఎవరి కళ్ళో అయ్యాయి. గేటు దగ్గరికి కొత్త కాపలావాడు ఎప్పుడొచ్చినా కార్డు చూసి, ఈవిణ్ణి చూసి, మళ్ళీ కార్డు చూసి, "యే ఆప్ కీ బహన్ హై క్యా?" అని, ఫొటో అక్కదా చెల్లెలిదా అన్నట్టు అడిగేవాడు.

"పోనీ ఒకసారి బయట ఎవరిచేతనైనా తీయించుకోనా?" అని ఎప్పుడో ఒకసారి అడిగింది. నేను ఆ పూట అన్నం తినలేదు. వంటవాడి పెళ్ళాం హోటలు భోజనానికి పోతే ఎలా ఉంటుంది? ఆవిడ మళ్ళీ ఆ మాట ఎత్తలేదు.

తొంభైతొమ్మిది డిసెంబరు నెలాఖరుకి సువార్త రిటైరు కావాలి. ఆ ఆసుపత్రిలో మేట్రన్ ఆఫీసుకు వెళ్ళే వరండాలో ఇంతకుముందు పనిచేసిన మేట్రన్ల ఫొటోలు వరసగా ఉంటాయి. మొదట దొరసానులు, తర్వాత మలయాళీలు, పంజాబీలు. ఆ వరస చివర ఇప్పుడు మా పల్లెల వైపు మనిషి. మేకు కూడా కొట్టేశారు. సోమవారానికి ఫొటో తెమ్మనీ, లేకపోతే కార్డు మీద ఫొటోనే పెద్దది చేయించి పెట్టేస్తామనీ ఆఫీసువాళ్ళు చెప్పారు.

ఇంటికొచ్చి చెప్పులు కూడా విప్పకుండా కూర్చుంది.

"ఏమండీ, ఆ దిద్దిన కళ్ళు అక్కడ పెడితే నేనూరుకోను. పోయినవాళ్ళ ఫొటోలో కూడా వాళ్ళ కళ్ళే ఉంటాయి కదండీ. నేనింకా బతికే ఉన్నాను. ఇన్నేళ్ళు ఆ వరండాలో అందర్నీ నా కళ్ళతోనే చూశాను. నా కళ్ళుంటేనే పెట్టమనండి, లేకపోతే ఆ మేకు ఖాళీగా ఉండనివ్వమనండి."

ఆవిడ నన్ను పెళ్ళయిన కొత్తలో ఒక చీర అడిగింది, తర్వాత ఇది అడిగింది. ఆ వారమంతా తీశాను. ఫ్లాషు వేసి తీశాను, తీసేసి తీశాను, కిటికీ వెలుగులో తీశాను. రీలు కడిగి చూస్తే మొదటి బొమ్మ నుంచి చివరి బొమ్మ దాకా సువార్త ప్రార్థన చేసుకుంటున్నట్టే ఉంది.

శనివారం పొద్దున్న పృథ్వీరాజ్ వచ్చాడు. హైదరాబాదు కుర్రాడు, నెహ్రూ ప్లేస్‌లో కంప్యూటర్ల కంపెనీలో ఉద్యోగం, మా ఎల్సాతో కలిసి చదువుకున్నాడు. భుజాన నల్ల సంచి, మొహాన సంతోషం.

"అంకుల్, డిజిటల్ కెమెరా! లెన్సు మార్చుకునేది, మీ పెద్ద కెమెరా లెక్కనే. మా ఆఫీసుకి ఒకటే పీసొచ్చింది. అందరం కంప్యూటరోళ్ళమే, ఫొటో గురించి మాకేం తెలుసు? మీ అసొంటి సీనియర్ చూసి చెప్పాలె, ఎట్లుందో. పొద్దు మునిగేదాంక మీ దగ్గరనే ఉంటది."

సరైన మనిషి దగ్గరికే వచ్చాడు. "కారు ఖరీదంట కదా?" అన్నాను.

"మారుతి వస్తది అంకుల్. జర పైలం."

అంతే, నా రెండు చేతులూ దానికి అతుక్కుపోయాయి. ఇటుకంత బరువుంది. డాబా మీదికి వెళ్ళాం. చలికాలం ఎండ హాయిగా కాస్తోంది. ఎల్సా పల్లీలు తింటూ నవ్వార మంచం మీద కూర్చుంది. సువార్త ఇంట్లో వాడే నైటీ, పైన నా పాత స్వెట్టరు వేసుకుని పచ్చి బఠానీలు వలుస్తోంది.

పృథ్వీరాజ్ గోరంత పలక తీసి "ఇది లోపల పెట్టాలె అంకుల్, రీలు బదులు" అన్నాడు. నేను కిందికెళ్ళి, రీలు మార్చుకునే నల్లగుడ్డ సంచి తెచ్చి, కెమెరానీ ఆ పలకనీ అందులో పెట్టి, చేతులు దూర్చి, చీకట్లో తడుముకుంటూ పెట్టడం మొదలుపెట్టాను.

"డాడీ! యే క్యా కర్ రహే హో?" అంది ఎల్సా.

"వెలుతురు తగిలితే పోదూ?"

"అందర్ ఫిల్మ్ హీ నహీ హై, డాడీ!"

"ఫిల్మ్ లేకపోతే మరి బొమ్మ ఎక్కడ పడుతుందే?"

"అంకుల్ కరెక్టే అడిగిండు, నాక్కూడ సరిగ్గ తెల్వది" అన్నాడు పృథ్వీరాజ్. నాకు ఆ కుర్రాడు నచ్చాడు.

ఎలాగో పెట్టాను. కన్ను ఆనించాను. అబ్బ, ఏం వెలుగు! ఎదురుగా మా ఆవిడ, ఒళ్ళో బఠానీల గిన్నె. జారిపోతే మారుతి కారు గచ్చు మీద పడ్డట్టే అన్న భయంతో కింద ఒక చెయ్యి, పక్కన ఒక చెయ్యి గట్టిగా బిగించి నొక్కాను. టక్కుమంది. వెంటనే నా బొటనవేలు రీలు తిప్పే మీట కోసం వెతికింది. మీట లేదు. ఇంతలో కెమెరా వీపున చిన్న అద్దం భళ్ళున వెలిగింది. నేను గభాలున అరచేత్తో మూసేశాను.

"ఎందుకు మూస్తరంకుల్?"

"బొమ్మ పాడైపోదూ? రేపు కడిగిస్తాను."

ఎల్సా మంచం మీద పడి దొర్లింది. పృథ్వీరాజ్ మర్యాదస్తుడు, పక్కకు తిరిగి నవ్వుకున్నాడు. నా వేళ్ళు ఒక్కొక్కటే ఊడదీసి చూపించాడు. అగ్గిపెట్టంత అద్దంలో సువార్త. నైటీ, స్వెట్టరు, బఠానీలు, రెండు కళ్ళు!

నేను అరిచిన అరుపుకి మేడ మీది పావురాలన్నీ లేచాయి.

"సువార్తా! తెరిచావే! కళ్ళు తెరిచావే!"

ఆవిడ గిన్నె పక్కన పెట్టి పరిగెత్తుకొచ్చింది. అద్దంలోకి వంగి చూసుకుంది. "ఇది నేనేనాండీ?" అంది. "నా కళ్ళు ఇంతుంటాయా?" అని ఎల్సాని అడిగింది. మళ్ళీ చూసుకుంది. ముక్కు పక్కన పుట్టుమచ్చ ఉందో లేదో కూడా తడుముకుని చూసుకుంది.

"పృథ్వీ, ఇదే ప్రింటు వేయించెయ్యి" అన్నాను.

"ఆయ్, బాగుంది! వరండాలో దొరసాని పక్కన నైటీ వేసుకుని బఠానీలు వలుస్తూ వేలాడాలా నేను? ఉండండి, అయిదు నిమిషాల్లో వస్తాను" అని సువార్త మెట్లు దిగింది. మోకాళ్ళ నొప్పి మనిషి, రెండేసి మెట్లు దిగింది.

గంజి పెట్టిన తెల్లచీర, ఎడమవైపు రొమ్ము మీద పిన్నుకు వేలాడే గడియారం, నున్నగా దువ్విన ముడి. పైకి వచ్చేసరికి మా డాబాయే ఆసుపత్రయిపోయింది. పృథ్వీరాజ్ తెలియకుండానే లేచి నిలబడ్డాడు. నాకప్పటికి కెమెరా అలవాటైంది. పట్టీ మెడలో వేసుకున్నాను. ఒక్క చేత్తో కూడా ఆగుతోంది. మాస్టర్జీ నేర్పిన పద్ధతిలో నిలబడి, ఎడమ చెయ్యి పైకెత్తి, "రెడీ..." అని నొక్కాను.

అద్దంలో చూశాం. కళ్ళు మూసుకుంది.

"పర్లేదు, ఇంకోటి." మూసుకుంది. "ఇంకోటి." మూసుకుంది, కొంచెం తల కూడా వంచింది.

"మమ్మీ, క్యా యార్!"

"నేను తెరిచే ఉంచానే!"

"ఎండ కళ్ళలో పడతాంది కావచ్చు ఆంటీ" అన్నాడు పృథ్వీరాజ్.

"ఇందాకా ఇదే ఎండ, ఇదే చోటు కదా నాయనా" అంది సువార్త. గొంతులో ఇందాకటి సంబరం సన్నగిల్లుతోంది. రీలు అయిపోదు కదా అని తీస్తూనే ఉన్నాను. కెమెరాలో బ్యాటరీ గుర్తు ఆరుతూ వెలుగుతూ మొదలుపెట్టింది. "ఇది ఆగమాగం తాగుతది అంకుల్ బ్యాటరీ. ఇంక ఎక్కువ రావు" అన్నాడు పృథ్వీరాజ్.

సువార్త వెళ్ళి మంచం మీద కూర్చుని గడియారం పిన్ను తీసెయ్యబోయింది. "పోనివ్వండి. మేకే ఉంటుంది" అంది.

ఎల్సా కెమెరా లాక్కుని మీట నొక్కుకుంటూ బొమ్మలన్నీ వెనక్కి చూస్తోంది. వెనక్కి, ముందుకి, మళ్ళీ వెనక్కి. "డాడీ, యే నీచే క్యా హై?" అంది.

చూశాను. ఎండ నా వీపు వైపు ఉంది. ఫొటో కింది అంచున, గచ్చు మీద, నా నీడ. తల, పక్కన పైకెత్తిన చెయ్యి.

"ఓ, అదా. నీడ పడింది. ప్రింటు వేసేటప్పుడు కత్తిరించేస్తాం. ఎప్పుడూ కత్తిరిస్తాను."

"అది కాదు. దేఖో. ఇందులో చెయ్యి, కళ్ళు బంద్. ఇందులో చెయ్యి, కళ్ళు బంద్. మటర్ వాలీ ఫొటోలో..."

బఠానీల ఫొటోలో నా నీడ ఉంది. పైకెత్తిన చెయ్యి లేదు. రెండు చేతులూ మారుతి కారుకి అతుక్కుని ఉన్నాయి కదా!

ఎల్సా లేచి వాళ్ళమ్మ ఎదురుగా నిలబడి, కెమెరా లేదు ఏమీ లేదు, ఊరికే చెయ్యి పైకెత్తింది. సువార్త కళ్ళు మూసుకుంది.

"మమ్మీ! కళ్ళు మూశావు!"

"ఎక్కడ మూశానే?" అంది, కళ్ళు మూసుకునే.

"ఆంటీ, నేను చూస్త" అని పృథ్వీరాజ్ చెయ్యెత్తాడు. మూసుకుంది. నేను ఎత్తాను. మూసుకుని తల కూడా వంచింది. ముగ్గురం ఒకేసారి ఎత్తాం. ముందు ఆవిడకే నవ్వొచ్చింది. నవ్వుతూ, నవ్వుతూ, ఠక్కున ఆగి, నోటి మీద చెయ్యి వేసుకుంది.

"మా నాన్నండీ!"

అప్పుడు నాక్కూడా వెలిగింది. ఉపదేశిగారు మా మామగారు. ఇంట్లో పొద్దున్నా సాయంత్రమూ కుటుంబ ప్రార్థన. చివర ఆయన చెయ్యి పైకెత్తితే ఆశీర్వాదం. పిల్లలందరూ కళ్ళు మూసుకుని తల వంచాలి. కళ్ళు తెరిచినవాళ్ళకి బెల్లం ముక్క ఉండదు. పిల్ల నడక నేర్చిన దగ్గర్నుంచి అదే. ఆ చెయ్యే మా మాస్టర్జీ ఎత్తారు పెళ్ళిలో. ఆయన దగ్గర నేర్చుకున్న చెయ్యే నేను ఇన్నేళ్ళూ ఎత్తాను. బడిలో, చర్చిలో, తాజ్‌మహలు దగ్గర, కుతుబ్ దగ్గర. వారం ఆగి ప్రింటు చేతికొచ్చేసరికి ఎవరు చెయ్యి ఎత్తారో ఎవరికి గుర్తు? గుర్తు చేసే ఆ ఒక్క నీడనీ నేను అందంగా కత్తిరించి పారేశాను.

"మరి మామయ్యగారు కూడా కళ్ళు మూసుకునేవారు కదా, ఎవరు తెరిచారో ఆయనకెలా తెలిసేది?" అన్నాను.

సువార్త ఆలోచించింది. "ఏమండీ... అది నేనెప్పుడూ అడగలేదండీ!" అని, కొంగు నోట్లో కుక్కుకుని నవ్వడం మొదలుపెట్టింది.

"అంకుల్, బ్యాటరీ! చెయ్యి ఎత్తకుండ తొందరగ తియ్యండి!"

కన్ను ఆనించాను. ఎడమ చెయ్యి దానంతటదే లేచింది. దించాను. నొక్కబోతే మళ్ళీ లేచింది. అది నా చెయ్యి కాదు, మాస్టర్జీ చెయ్యి. లాహోరులో ఎవరి దగ్గర నేర్చుకున్నారో ఏమో.

"జరగండి" అంది మేట్రను. కిందికెళ్ళి కట్టు గుడ్డ చుట్ట తెచ్చింది. నా ఎడమ చేతిని లెన్సు కింద ఆనించి, మణికట్టు దగ్గర మొదలుపెట్టి, చుట్టు మీద చుట్టు, విరిగిన ఎముకకి కట్టినంత శ్రద్ధగా, కెమెరానీ నన్నూ కలిపి కట్టేసింది. మీట మీద వేలు ఆడేంత చోటు మాత్రం వదిలింది. "నొప్పిగా ఉందాండీ?" అని అడిగింది కూడా, అలవాటు కొద్దీ.

"నొప్పి లేదు గానీ, పరువు పోతోంది" అన్నాను.

"ఇన్నేళ్ళు నా కళ్ళు పోయాయి. ఒక్క పూట మీ పరువు పోతే ఏం?" అని వెళ్ళి నిలబడింది. గంభీరంగా నిలబడదామనే చూసింది పాపం. చీర సర్దుకుంది, గెడ్డం ఎత్తింది. కానీ ఎదురుగా నేను, చేతికి కట్టు, కట్టులో కెమెరా. నా చెయ్యి లేవబోయి, లేవలేక, నా మోచెయ్యి కోడిరెక్కలా కొట్టుకుంది.

సువార్త నవ్వింది. పళ్ళు, బుగ్గలు, అన్నిటినీ మించి ఆ రెండు కళ్ళు, దుప్పటి కింద బీడీ కట్టను చూసే కళ్ళు. నొక్కాను. టక్కుమంది. బ్యాటరీ చచ్చిపోయింది. కానీ బొమ్మ పలకలో ఉంది. ఆదివారం పృథ్వీరాజ్ ఆఫీసు కంప్యూటర్లోంచి పెద్ద ప్రింటు తీసుకొచ్చాడు. నేను దాన్ని ఏ అంచునా కత్తిరించలేదు. కింద నా నీడ అలాగే ఉంది, రెండు మోచేతులూ దగ్గరగా పెట్టుకుని.

సోమవారం వరండాలో ఆ మేకుకి తగిలించారు. దొరసానులందరూ మూతులు బిగించుకుని ఉన్నారు. తర్వాతివాళ్ళు తలనొప్పి మాత్ర కోసం చూస్తున్నట్టున్నారు. చివర మా సువార్త ఒక్కత్తే పకపకా నవ్వుతోంది. ఆఫీసువాళ్ళు ఒక నిమిషం ముఖాలు చూసుకున్నారు గానీ, తెచ్చింది మేట్రన్, అందులో ఉన్నదీ మేట్రన్. ఎవరేమంటారు?

సువార్త ఆ ఫొటో ముందు చాలాసేపు నిలబడింది. తర్వాత కార్డు తీసి, దిద్దిన కళ్ళ ఫొటోని ఒకసారి చూసుకుని, ఆఫీసులో అప్పగించేసింది.

ఆవిడతో పాటు పాత రోజుల నుంచీ పనిచేస్తున్న ఆయా ఒకామె చీపురు పక్కన పెట్టి, ఫొటోకేసి తల వంకర పెట్టి చూసింది. "సిస్టర్‌జీ కిస్ కో దేఖ్ కర్ హస్ రహీ హైం?" అని, ఎవర్ని చూసి అంత నవ్వని అడిగింది.

గణతంత్ర పరేడు ఏనుగు కింద నా పేరు వెయ్యలేదు. ఈ ఫొటో కిందా వెయ్యరు. అందుకని నేనే ముందుకొచ్చి, గొంతు సవరించుకుని, వరండా అంతటికీ వినబడేలా చెప్పాను.

"ముఝే!"